హాలోజన్ లాంపులోంచి జెనాన్ బల్బు ఎందుకు తీసేశానంటే

గత వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఒకప్పుడు ఒకే ఆఫీసులో పనిచేశాం, ఇప్పటికీ కారు విషయం ఏదొచ్చినా ముందు నాకే చేస్తాడు. "అన్నా, హెడ్‌లైట్లకు జెనాన్ కిట్ వేయిద్దామనుకుంటున్నా, 6000 కెల్విన్ తీసుకోనా, 8000 తీసుకోనా?" అని అడిగాడు. రెండూ వద్దురా అన్నాను. "నువ్వు వేసుకున్నావు కదా, ఏడాది పైనే వాడావు కదా" అన్నాడు. నిజమే. నా చేతులతో నేనే బిగించుకున్నాను, వచ్చిన ప్రతి తేడానూ నేనే వెతికి పట్టుకుని సరిచేశాను, ఆఖరికి నేనే విప్పేశాను. ఎందుకు విప్పేశానో ఫోన్‌లో సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

హాలోజన్ బల్బులో సన్నని తీగ కాలి వెలుగుతుంది, జెనాన్‌లో వాయువులో పుట్టే మెరుపు వెలుగుతుంది. జెనాన్ లైట్లంటే నాకు కోపం లేదు. 1991లో బీఎమ్‌డబ్ల్యూ 7 సిరీస్‌లో వచ్చినప్పటి నుంచి కంపెనీ ఫిట్టింగ్‌గా అవి రాత్రి డ్రైవింగ్‌కు చేసిన మేలు చాలా ఉంది. నా అభ్యంతరమల్లా ఒక్కదానికే. హాలోజన్ బల్బు కోసం తయారైన లాంపును, అంటే బల్బు చుట్టూ ఉండే హెడ్‌లైట్ మొత్తాన్ని, అలాగే ఉంచి, అందులో బల్బు ఒక్కటి మార్చి జెనాన్ పెట్టడం. మనలో చాలామంది చేసేది అదే, నేనూ చేసింది అదే.

నన్ను ఆకర్షించినవి అంకెలు. నా కారులో లోబీమ్‌కు, అంటే కిందికి వాలి ఉండే మామూలు లైటుకు, హెచ్7 అనే రకం హాలోజన్ బల్బు. 55 వాట్లు తీసుకుని సుమారు 1500 ల్యూమెన్ల కాంతి ఇస్తుంది. కంపెనీ కార్లలో వచ్చే డి2ఎస్ రకం జెనాన్ బల్బు 35 వాట్లకే 3200 ల్యూమెన్లు ఇస్తుంది. తక్కువ కరెంటుతో రెట్టింపు వెలుతురు వస్తుంటే వద్దనడానికి ఏం కారణం ఉంటుంది? కిట్ బల్బు డి2ఎస్ అంత నాణ్యంగా ఉండకపోయినా హాలోజన్ కంటే చాలా ఎక్కువే ఇస్తుంది కదా అనుకున్నాను. ఆ లెక్కలో నేను చూడని సంగతి ఒకటుంది, దానికి తర్వాత వస్తాను.

కెల్విన్ల సంగతి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను, తమ్ముడు అడిగింది అదే కాబట్టి. కెల్విన్ అంటే రంగు, వెలుతురు కాదు. కంపెనీ జెనాన్ బల్బులు 4200 దరిదాపుల్లో ఉంటాయి, కొద్దిగా పసుపు ఛాయ ఉన్న తెలుపు. 6000కు వెళ్తే నీలం ఛాయ, 8000కు వెళ్తే పూర్తిగా నీలం. నీలం రంగుకు మన కన్ను అంతగా స్పందించదు, కాబట్టి అంకె పెరిగేకొద్దీ పనికొచ్చే కాంతి తగ్గుతుంది. చూడ్డానికి ఖరీదైన కారులా కనిపిస్తుంది, అంతే.

బిగించిన రోజు

పెట్టె విప్పితే రెండు బల్బులు, రెండు బ్యాలస్ట్‌లు, ఒక వైర్ల కట్ట. ఈ బల్బులో ఫిలమెంట్ ఉండదు. గోళీ కంటే చిన్న క్వార్ట్జ్ గాజు బుడగలో రెండు టంగ్‌స్టన్ మొనలు ఎదురెదురుగా ఉంటాయి, వాటి చుట్టూ జెనాన్ వాయువు, కొన్ని లోహ లవణాలు. వెలిగించే క్షణంలో 20 వేల వోల్టులు దాటిన దెబ్బ ఒకటి పడితే ఆ మొనల మధ్య మెరుపు పుడుతుంది, తర్వాత 85 వోల్టుల దగ్గర నిలకడగా మండుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఇదంతా చేసిపెట్టేది బ్యాలస్ట్. అందుకే లైటు వెలుగుతుండగా బల్బు కనెక్టర్‌ను ముట్టుకోకూడదు. స్విచ్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, కాసేపు ఆగి అప్పుడు చెయ్యి పెట్టాలి. ఈ ఒక్క విషయంలో నేను ఎప్పుడూ తొందరపడలేదు.

బల్బు గాజుకు వేలు తగలకుండా పెట్టాను. ఆ వేలిముద్రలోని జిడ్డు వేడికి మాడి గాజును పాడుచేస్తుంది. అంతవరకు బాగానే ఉంది. తర్వాత చేసిన పని మాత్రం నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. హెడ్‌లైట్ వెనక ఉండే రబ్బరు అంచు మూతకు వైర్లు బయటికి రావడానికి రంధ్రం పెట్టాలి. డ్రిల్లుతో పెట్టేశాను. కంపెనీవాళ్లు దుమ్ము, తేమ పోకుండా అంత జాగ్రత్తగా మూసి ఇచ్చిన లాంపును ఒక్క నిమిషంలో తెరిచేశాను. కిట్‌తో వచ్చిన రబ్బరు బిరడా ఆ రంధ్రానికి సరిపోయినట్టే కనిపించింది.

తేడాలు ఒక్కొక్కటే

మొదటి రాత్రి కుడి వైపు వెలిగింది, ఎడమ వైపు టిక్కుటిక్కుమని రెండుసార్లు మెరిసి ఆరిపోయింది. ఇలాంటప్పుడు చేయాల్సిన మొదటి పని ఎడమ బల్బును కుడికి, కుడి బల్బును ఎడమకు మార్చడం. తేడా బల్బుతో పాటు వెళ్తే బల్బు పాడైనట్టు. వెళ్లకపోతే అలాగే బ్యాలస్ట్‌లు మార్చి చూడాలి. రెంటితోనూ వెళ్లకుండా ఎడమ వైపే ఉండిపోతే తప్పు వైర్లలో ఉన్నట్టు. నాది మూడో రకం. మల్టీమీటర్ పెట్టి చూస్తే స్విచ్ వేసిన క్షణంలో ఎడమ బ్యాలస్ట్ దగ్గర వోల్టేజి 9 కంటే కిందికి పడిపోతోంది. జెనాన్ నిలకడగా మండేటప్పుడు మూడు నాలుగు ఆంపియర్లే తీసుకున్నా, రాజుకునే ఆ రెండు మూడు సెకన్లు దానికి ఎన్నో రెట్లు లాగుతుంది, ఆ లాగుడుకు దారిలో ఎక్కడ అడ్డున్నా వోల్టేజి కూలిపోతుంది. అడ్డు ఎక్కడుందో వెతుక్కుంటూ పోతే ఎర్త్ వైరు బిగించిన బోల్టు దగ్గర దొరికింది. ఆ బోల్టు కింద బాడీ పెయింటు అలాగే ఉంది. వైరు కొనను తీసి, గరుకు కాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకి, మళ్లీ బిగించాను. వెంటనే వెలిగింది. ఆ రోజు నాకు కలిగిన ఆనందం అంతా ఇంతా కాదు.

వారం తిరక్కుండానే ఇంకోటి. ఇంజన్ ఆపి లైట్లు వేస్తే నిలకడగా ఉంటాయి, ఇంజన్ స్టార్ట్ చేస్తే వణుకుతాయి. మామూలుగా అయితే ఇంజన్ నడుస్తుంటే వోల్టేజి పెరిగి ఇంకా బాగుండాలి. దీని కారణం తెలుసుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఈ తరం కార్లు చాలావాటిలో హెడ్‌లైట్‌కు కరెంటు నేరుగా పోదు. ఆల్టర్నేటర్ 14 వోల్టులు ఇస్తుంటే హాలోజన్ బల్బు తొందరగా మాడిపోకుండా, కారులోని కంట్రోల్ యూనిట్ ఆ కరెంటును సెకనుకు ఎన్నోసార్లు ఆపి ఆపి పంపి సగటున 13 దగ్గర ఉంచుతుంది. హాలోజన్ ఫిలమెంట్ ఎర్రగా కాలిన తీగ కాబట్టి ఆ కోతలు దానికి తెలియవు, బ్యాలస్ట్‌కు మాత్రం ప్రతి కోతా ఒక కరెంటు కోతే. మల్టీమీటర్ సగటు మాత్రమే చూపిస్తుంది కాబట్టి అందులో అంతా సవ్యంగానే కనబడుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజు పెట్టి కొత్త లైను లాగి, దానికి రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) పెట్టి, ఆ రిలేను కదిపే సన్నని కరెంటుకు, కోతల మధ్య కరెంటును నిలిపి ఉంచే కెపాసిటర్ జోడిస్తే గానీ వణుకు ఆగలేదు. కెపాసిటర్ లేకుండా రిలే ఒక్కటే పెట్టి చూశాను ముందు. తేనెటీగలా గుయ్‌మంది.

తర్వాత డ్యాష్‌బోర్డులో బల్బు పోయిందన్న హెచ్చరిక. కరెంటు హాలోజన్ అంత లాగట్లేదు కాబట్టి కారు అలా అనుకుంటోంది. దీనికి అమ్మేది 6 ఓమ్‌ల రెసిస్టర్. 13 వోల్టుల దగ్గర దాని గుండా 28 వాట్లు ఊరికే వేడిగా పోతాయి. రెండు వైపులా పెడితే 56 వాట్లు. ఎందుకు? కారుకు అబద్ధం చెప్పడానికి. అది ప్లాస్టిక్‌కు ఆనుకుంటే ప్లాస్టిక్ కరిగిపోతుంది, ఇనుప పట్టీకి బిగించాలి. తక్కువ కరెంటు అని కదా మొదలుపెట్టాను, ఈ రెసిస్టర్లతో కలిపితే హాలోజన్ కంటే ఎక్కువ కాలుస్తున్నాను. అది బిగిస్తున్నప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

రేడియోలో గుయ్‌మనే శబ్దం పెద్ద సమస్య కాలేదు, హైవోల్టేజి వైరును పొట్టిగా కట్టి యాంటెన్నా కేబుల్‌కు దూరంగా జరిపితే పోయింది. వానాకాలం మాత్రం ఏడిపించింది. కుడి లైటు ఒకరోజు వెలిగేది, ఒకరోజు లేదు. విప్పి చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము, హెడ్‌లైట్ అద్దం లోపలి వైపు సన్నటి నీటి బొట్లు. ఆ బిరడా అంచు నుంచి తేమ వెళ్తోంది. బ్యాలస్ట్‌ను వైర్లు కిందికి ఉండేలా తిప్పి బిగించి, రంధ్రం చుట్టూ సిలికాన్ పూశాను. ఈ గొడవలో ఒక బల్బు పోయింది. ఒక్కటే కొని పెట్టాను. పాతది వాడకంతో నీలంలోకి జారింది, కొత్తది పసుపుగా ఉంది, రెండు కళ్లు రెండు రంగుల్లో ఉన్నట్టు కనిపించేది. మారిస్తే జంటగా మార్చాలి. పాత బల్బు గులాబీ రంగులోకి తిరిగి తనంతట తాను ఆరిపోతోందంటే దాని ఆయుష్షు అయిపోయినట్టే, బ్యాలస్ట్‌ను అనుమానించక్కర్లేదు.

ఇవన్నీ ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, ఈ తేడాలన్నిటికీ కారణం దొరికింది, దొరికిన ప్రతిదానికీ మందు ఉంది. కిట్ వేసుకున్నవాళ్లు ఎవరు కలిసినా ఇవే మాట్లాడుకుంటారు. ఏ బ్యాలస్ట్ మంచిది, ఏ రిలే మంచిది అని. నేనూ అంతే. ఆరు నెలల తర్వాత లైట్లు ఒక్క వణుకు లేకుండా, ఒక్క హెచ్చరిక లేకుండా వెలుగుతుంటే ఇక పని పూర్తయిందనుకున్నాను.

నాన్న అడిగింది

ఎదురుగా వచ్చేవాళ్లు డిప్పర్ కొట్టడం అప్పటికే మొదలైంది. నేను లోబీమ్‌లోనే ఉండేవాణ్ణి. హైబీమ్ వేసుకుని వస్తున్నాననుకుని కొడుతున్నారని నేనూ ఒకసారి హైబీమ్ వేసి తీసేవాణ్ణి, చూడండి నాది లోబీమే అన్నట్టు. అప్పటికే కళ్లు చెదిరిన మనిషి మొహం మీద ఇంకో దెబ్బ కొట్టినట్టు. ఎన్నిసార్లు చేశానో లెక్కలేదు. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఒక రాత్రి నాన్నను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని దూరం వెళ్తున్నాను. ఆయన లారీలు నడిపిన మనిషి కాదు గానీ కారు ముప్పై ఏళ్లు నడిపారు, కంటి ఆపరేషన్ అయ్యాక మానేశారు. లైట్లు ఎలా ఉన్నాయి నాన్నా అని నేనే అడిగాను, మెచ్చుకుంటారని. కాసేపు రోడ్డు చూసి "దగ్గరంతా పట్టపగల్లా ఉందిరా, దూరం ఏమైంది?" అన్నారు. నేనేదో సర్దిచెప్పాను. ఇంకాసేపటికి మళ్లీ అన్నారు, "పాత లైట్లప్పుడు ఎడమ పక్క చెట్ల మొదళ్లు ఇంకా ముందే కనపడేవి."

ఆ మాట మీద నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. నాకు మాత్రం బాగానే కనబడుతోందనిపించేది. నిజంగా బాగానే అనిపించేది. ఆ అనిపించడం ఎక్కడి నుంచి వచ్చిందో తర్వాత అర్థమైంది. బానెట్ ముందు పది పదిహేను మీటర్ల నేల తెల్లగా వెలిగిపోతుంటే అంతా వెలుగే అనిపిస్తుంది. కానీ కన్ను ఆ వెలుగుకే సర్దుకుంటుంది. దాంతో దూరాన ఉన్న మసక వెలుతురులో మనిషి ఆకారం పట్టుకునే శక్తి తగ్గుతుంది. దగ్గర ఎంత ఎక్కువ వెలిగిస్తే దూరం అంత నల్లబడుతుంది.

గోడ ముందు

అనుమానం తీరాలని ఒక సాయంత్రం కారును చదునైన నేల మీద గోడకు 10 మీటర్ల దూరంలో నిలబెట్టాను. ఎడమ వైపు పాత హాలోజన్ బల్బు పెట్టాను, కుడి వైపు జెనాన్ ఉంచాను. ఒకదానికి అట్ట అడ్డం పట్టుకుని రెండోది చూడడం, మళ్లీ దీనికి అడ్డం పెట్టి దాన్ని చూడడం.

హాలోజన్ వైపు గోడ మీద గీత గీసినట్టుంది. గీతకు పైన చీకటి, కింద వెలుతురు, ఒక పక్క ఆ గీత కొంచెం పైకి లేస్తుంది, రోడ్డు అంచు, బోర్డులు కనబడడానికి. వెలుతురు అన్నిటికంటే చిక్కగా ఉన్న చోటు ఆ గీతకు సరిగ్గా కింద, మధ్యకు దగ్గరగా. దూరాన్ని చూపించేది ఆ చిక్కటి మచ్చే. జెనాన్ వైపు గీత ఉందా అంటే ఉంది, కానీ పాలు పొంగినట్టు దాని మీదుగా వెలుతురు పైకి పోతోంది. చిక్కటి మచ్చ ఒక చోట లేదు. విరిగి రెండు ముక్కలై కిందికి జారింది. పైన, గీతకు కాస్త ఎత్తులో, ఒక వాలు చార. గోడకూ కారుకూ మధ్య వంగి ఆ చార ఎత్తులో తల పెట్టి లాంపు వైపు చూశాను. ఒక్క సెకను. చాలాసేపటి వరకు కళ్లముందు ఆకుపచ్చ మరక పోలేదు. ఎదురుగా వచ్చినవాళ్లకు ఏడాదిగా నేను చూపిస్తున్నది అదీ.

మొదట్లో నేను చూడని సంగతి ఇదే. బల్బు వెనక మెరిసే గిన్నెలాంటి రిఫ్లెక్టర్ అంటే ఒట్టి అద్దం కాదు. హెచ్7 బల్బులో తీగచుట్ట నాలుగు మిల్లీమీటర్ల పొడవుంటుంది, అది ఎక్కడ ఉంటుందో మిల్లీమీటరులో చిన్న భాగం వరకు ముందే తెలుసు. రిఫ్లెక్టర్‌లోని ఒక్కో చిన్న పలకా ఆ తీగ బింబాన్ని రోడ్డు మీద ఫలానా చోటికి పంపేలా వంచి చేస్తారు. జెనాన్‌లో తీగ ఉండదు, మెరుపు ఉంటుంది. అది తిన్నగా ఉండదు, వేడికి విల్లులా పైకి వంగుతుంది, మొనల దగ్గర ఎక్కువగా, మధ్యలో తక్కువగా ప్రకాశిస్తుంది. పైగా చాలా కిట్ బల్బులకు పక్కనే పింగాణీ గొట్టంలో వెనక్కి వచ్చే తీగ ఒకటి ఉంటుంది, దాని నీడ రిఫ్లెక్టర్ మీద పడుతుంది. అసలు హెచ్7 బల్బు ముందు కొనకు నల్ల రంగు ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? రిఫ్లెక్టర్‌ను తాకకుండా నేరుగా ఎదుటివాళ్ల కళ్లలోకి పోయే కాంతిని ఆపడానికి. నా కిట్ బల్బుకు ఆ నలుపు లేదు.

ఇంకా గట్టి సాక్ష్యం జెనాన్ తయారీదారుల దగ్గరే ఉంది. కంపెనీ జెనాన్ బల్బుల్లో డి2ఎస్ ముందు గుండ్రటి కటకం ఉండే ప్రొజెక్టర్ లాంపుల కోసం, డి2ఆర్ రిఫ్లెక్టర్ లాంపుల కోసం. డి2ఆర్ గాజు మీద కాంతి పోకుండా రంగు పట్టీలు వేసి ఉంటాయి, అందుకే దాని కాంతి 3200 నుంచి 2800 ల్యూమెన్లకు తగ్గింది. అంటే జెనాన్ కోసమే గీసిన రిఫ్లెక్టర్‌కు కూడా ఆ పట్టీలు లేకుండా కుదరలేదు. కోరి 400 ల్యూమెన్లు వదులుకున్నారు. అలాంటిది హాలోజన్ కోసం గీసిన దాంట్లో ఏ పట్టీ లేని బల్బు పెట్టి బాగుంటుందని మనం ఎలా అనుకుంటాం?

కొంచెం కిందికి దించితే?

నాకు అందరూ చెప్పిన సలహా ఇదే, నేనూ చేశాను. లాంపు వెనక స్క్రూ తిప్పి కిందికి దించడం. ఒక చిన్న లెక్క చూడండి. లాంపు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. మామూలుగా గీతను 1 శాతం దించుతారు, అంటే 10 మీటర్ల గోడ మీద 10 సెంటీమీటర్లు కిందికి. అప్పుడు ఆ గీత నేలను తాకేది 65 మీటర్ల దగ్గర. నా జెనాన్ చార ఎదుటివాళ్ల కంటి కిందికి రావాలంటే దాదాపు 3 శాతం దించాల్సి వచ్చింది. అప్పుడు గీత నేలను తాకేది 22 మీటర్ల లోపే. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు ఒక్క సెకనులో పోయే దూరం అది. ఏదైనా కనిపించి, కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే దాన్ని దాటేస్తాం. అంటే ఎదుటివాళ్లకు ఇబ్బంది లేకుండా చేస్తే నాకు కనబడదు, నాకు కనబడేలా చేస్తే ఎదుటివాళ్లకు కనబడదు. ఇందులో సరిచేయడానికి ఏమీ లేదు. కిట్ బాగానే పనిచేస్తోంది, లాంపూ బాగానే ఉంది, రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టలేదు, అంతే. ఇన్నాళ్లూ నేను పట్టుకున్న తేడాలన్నీ వైర్లలో ఉన్నాయి కాబట్టి దొరికాయి.

నిబంధనలు రాసినవాళ్లు ఇది ముందే చూశారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో జెనాన్ బల్బుకు 99, జెనాన్ లాంపుకు 98 అని వేరే నంబర్లున్నాయి. వాటిని కారుకు ఎలా అమర్చాలో చెప్పే 48వ నిబంధన, లోబీమ్ బల్బు 2000 ల్యూమెన్లు దాటితే రెండు అదనపు ఏర్పాట్లు అడుగుతూ వచ్చింది. ఒకటి, వెనక సీట్లో బరువు ఎక్కి కారు ముక్కు పైకి లేచినా లైటు తనంతట తాను దిగాలి. రెండు, లాంపు అద్దం కడుక్కునే ఏర్పాటు ఉండాలి. అద్దం మీద బురద పడితే ఆ కాంతంతా చెదిరి ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది మరి. నా కారులో ఈ రెండూ లేవు. మొదట్లో ఈ నిబంధనలను పెద్ద కంపెనీలు తమ ఖరీదైన లాంపులు అమ్ముకోవడానికి పెట్టించుకున్నవనుకునేవాణ్ణి. గోడ ముందు నిలబడ్డాక ఆ అనుమానం పోయింది.

ఇంకా తేలనివి

నాకు పూర్తిగా తేలని సంగతులూ ఉన్నాయి. హాలోజన్ ప్రొజెక్టర్ లాంపులో జెనాన్ పెడితే? ప్రొజెక్టర్ లోపల కాంతిని కోసే ఇనుప రేకు ఉంటుంది కాబట్టి పై గీత చెక్కుచెదరదు, రిఫ్లెక్టర్‌లో అంత అన్యాయం జరగదు. తెలిసినవాళ్ల కారులో చూశాను, గీత బాగానే ఉంది, చిక్కటి మచ్చ మాత్రం పలచబడింది. దాన్ని నేను గట్టిగా తప్పుపట్టలేను, అలాగని సిఫారసూ చేయలేను. నిజంగా జెనానే కావాలనుకునేవాళ్లు లాంపు విప్పి లోపల అసలైన జెనాన్ ప్రొజెక్టర్ బిగించుకోవడం ఒక దారి. అతుకు జిగురును వేడితో మెత్తబరిచి అద్దం తీయాలి, మళ్లీ గాలి చొరబడకుండా మూయాలి, రెండు వైపులా గీత ఒకే మట్టంలో రావాలి. చేయి తిరిగినవాళ్ల పని. అది చేసినా ఎత్తు సరిచేసే ఏర్పాటు సంగతి మిగిలే ఉంటుంది.

జెనాన్ పాతబడిపోయింది, ఇప్పుడంతా ఎల్ఈడీ కదా అంటారు. ప్రశ్న మారలేదు. తీగ ఉన్న చోటే, తీగ ఆకారంలోనే కాంతి పుడుతుందా లేదా? కొన్ని దేశాల్లో కొన్ని ఎల్ఈడీ బల్బులకు అనుమతి ఇచ్చారు, అదీ ఫలానా మోడల్ కారులోని ఫలానా లాంపుకు మాత్రమే అని జాబితా పెట్టి. బల్బుకు విడిగా మంచీ చెడూ ఉండవని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

ఒక్కటి ఒప్పుకోవాలి. రోడ్డు పక్కల వెడల్పుగా పరుచుకునే ఆ తెల్లటి వెలుతురు తీసేశాక కొన్నాళ్లు వెలితిగా అనిపించింది. మలుపుల్లో అది నిజంగానే సాయం చేసేది. నేను పోగొట్టుకున్నది ఏమీ లేదంటే అబద్ధం అవుతుంది.

తమ్ముడి కారు

తీసేసి నేను చేసిందేమిటంటే, కొత్త హాలోజన్ బల్బులు ఒక జత, రంధ్రం లేని కొత్త మూతలు, మసకబారిన హెడ్‌లైట్ ప్లాస్టిక్‌ను పాలిష్ చేయించి మీద ఎండ తట్టుకునే పూత, ఆ తర్వాత గోడ ముందు పెట్టి గీత సరిచేయడం. ట్యాంకు నింపి, టైర్లలో గాలి చూసి, డ్రైవర్ సీట్లో మనిషిని కూర్చోబెట్టి. అంతే.

తమ్ముడిది నాకంటే పాత కారు, హెచ్4 బల్బు. ఒకే బల్బులో హై, లో రెండూ. లోబీమ్ తీగ కింద చిన్న ఇనుప చిప్ప ఉంటుంది, కింది సగం రిఫ్లెక్టర్‌కు కాంతి తగలకుండా. జెనాన్ కిట్‌లో దాని బదులు బల్బును అయస్కాంతంతో ముందుకీ వెనక్కీ జరుపుతారు. అది ఇరుక్కుంటే ఒక లైటు హైబీమ్‌లో ఉండిపోతుంది. నా కారులో కంటే ఇది ఇంకా అధ్వానం. ముందు కారు తీసుకురా, మీటరు పెట్టి చూద్దాం అన్నాను. నిన్న తెచ్చాడు. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, బల్బు వెనక 12.2. లైట్ల కరెంటు మొత్తం పాత స్విచ్ గుండా, సన్నటి వైర్ల గుండా వస్తోంది. 1.7 వోల్టులే కదా అనిపిస్తుంది గానీ, హాలోజన్ కాంతి వోల్టేజితో సమానంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంతో పడిపోతుంది. లెక్క వేస్తే మూడో వంతుకు పైగా వెలుతురు వైర్లలోనే పోతోంది. అతను జెనాన్‌తో కొనుక్కుందామనుకున్న వెలుతురులో చాలా భాగం కారులోనే ఉంది.

బ్యాటరీ నుంచి రెండు ఫ్యూజులు, రెండు రిలేలు, లావు వైరు. మూడు గంటల పని. తర్వాత బల్బు దగ్గర 13.6 వచ్చింది. లైట్లు వేసి చూసి "అన్నా, ఇవే బల్బులా?" అన్నాడు. అవే. కాసేపాగి "తెల్లగా మాత్రం లేవు" అని కూడా అన్నాడు, నేనేమీ వాదించలేదు. కుడి లాంపు గీత ఎత్తు సరిచేయాలి, దాని స్క్రూ తుప్పు పట్టి తిరగడం లేదు, నూనె పోసి వదిలేశాం. ఆదివారం వస్తానన్నాడు. కిట్ సంగతి గీత చూశాక మాట్లాడదాం అన్నాడు.